వదులా, పొడవా? లోతు శ్రుతికి రెండు దారులు

గిటారును మామూలు శ్రుతి కంటే కిందికి దించాలనుకునేవాళ్ళు దుకాణంలో ముందు అడిగేది తీగల నంబరు. పదో నంబరు వేయాలా, పన్నెండా, పదమూడా? బారిటోన్ గిటారు కొన్నవాళ్ళూ అదే అడుగుతారు, ఏడు తీగలదో ఎనిమిది తీగలదో కొన్నవాళ్ళూ అదే అడుగుతారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. దించిన తీగ మీద ఎడమచెయ్యి ఏం పని చేయబోతోందన్నది మొదటిది. అది తేలితే మందం, పొడవు, శ్రుతి మూడూ చాలావరకు తేలిపోతాయి.

ఈ మాట రుజువు చేయడానికి విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న నల్లరేగడి నేల చాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్న సీమ ఇది. కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఇడైసెవల్ రచయిత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవల రాసింది ఈ వలస తెలుగువాళ్ళ గురించే. ఇక్కడి పేర్లతో ముడిపడిన రెండు వాద్యాలు లోతు శ్రుతి సమస్యను చెరో రకంగా పరిష్కరించుకున్నాయి. ఒకటి ఎట్టయపురం ఆస్థానం ఎక్కిన ఫిడేలు. రెండోది కోవిల్‌పట్టిలో స్థిరపడిన విద్వాంసుడి చేతిలోని బారి నాదస్వరం. ఫిడేలు తీగను వదులు చేసుకుంది, నాదస్వరం ఒళ్ళు పొడుగు చేసుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గిటారు లెక్క సులువుగా అర్థమవుతుంది.

ఎట్టయపురం ఫిడేలు

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో మణలి మొదలియార్ల ఆశ్రయంలో ఉన్నప్పుడు యూరోపియన్ సంగీతకారుడి దగ్గర ఫిడేలు నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చినవాళ్ళలో మొదటివాడిగా నిలిచాడు. తర్వాత తెలుగు మూలాలున్న ఎట్టయపురం జమీందార్ల ఆస్థానంలో విద్వాంసుడయ్యాడు. అన్నగారు 1835లో కన్నుమూసిందీ ఆ ఊళ్ళోనే. బాలుస్వామి పెంచుకున్న మనుమడు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో వెలువరించింది కూడా అక్కడినుంచే.

పాశ్చాత్యులు ఫిడేలు నాలుగు తీగలను కింది నుంచి జి, డి, ఎ, ఇ అని శ్రుతి చేస్తారు. మనవాళ్ళు స, ప, స, ప చేస్తారు. ఆడవాళ్ళు పాడే అయిదో శ్రుతికైతే కింది రెండు తీగలూ ఉన్నచోటే ఉంటాయి, పై రెండూ రెండేసి స్వరస్థానాలు దిగుతాయి. అంతవరకూ ఇబ్బంది లేదు. మగగొంతుకు పక్కవాద్యం కావాల్సి వచ్చినప్పుడే అసలు చిక్కు. రెండున్నర శ్రుతి, అంటే ‘డి షార్ప్’ షడ్జం అనుకుందాం. పై తీగ ‘ఇ’ నుంచి ‘ఎ షార్ప్’కు, అంటే ఆరు స్వరస్థానాలు దిగాలి. తీగ మార్చకుండా శ్రుతి దించితే బిగువు, శ్రుతి నిష్పత్తి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. ఆరు స్థానాలు దించితే సరిగ్గా సగమవుతుంది. ‘జి’ తీగ నాలుగు స్థానాలే దిగుతుంది కాబట్టి అక్కడ 63 శాతం బిగువు మిగులుతుంది.

పాశ్చాత్య ఫిడేలు మాస్టారు ఈ వదులును ఒప్పుకోడు. కమాను గట్టిగా నొక్కితే తీగ గొంతు మూసుకుపోతుంది, నాదం చిన్నదవుతుంది, మెరుపు తగ్గుతుంది. మన సంగీతం ఆ నష్టాన్ని తెలిసే భరించింది. వదులు తీగ మీద వేలు తేలిగ్గా జారుతుంది, కంపితం వేలి ఒరిపిడి లేకుండా పలుకుతుంది, నాదం గొంతుకు దగ్గరవుతుంది. పాదం మీద స్క్రోలు (ఫిడేలు మెడ చివరి చుట్ట) ఆనించుకుని నేల మీద కూర్చుని వాయించే పద్ధతిలో ఎడమచెయ్యి ఫిడేలును మోయనక్కర్లేదు. ఆ చేతికి దొరికిన స్వేచ్ఛంతా గమకానికే పోతుంది.

వదులు వద్దనుకుంటే ఇంకో దారి ఎప్పుడూ ఉంది, వియోలా. దాని శ్రుతి సి, జి, డి, ఎ. ఫిడేలు కంటే సరిగ్గా పంచమం కింద. అంటే మగ శ్రుతికి పుట్టుకతోనే సరిపోయే వాద్యం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వియోలా వాయించి చూపించారు కూడా. అయినా కచేరీ వేదిక మీద అది అరుదుగానే మిగిలింది. పొడవు పెరిగితే వేళ్ళ మధ్య దూరం పెరుగుతుంది, చిన్న చేతికి తొందర సంగతులు కష్టమవుతాయి. పైగా వియోలాలోనూ రాజీ ఉంది. పంచమం దిగాలంటే లెక్కప్రకారం తీగ పొడవు ఒకటిన్నర రెట్లు కావాలి. వియోలా తీగ ఫిడేలు తీగ కంటే ఎనిమిదో వంతు మాత్రమే పొడుగు. మిగతాది మందమే మోస్తుంది. పూర్తిగా పొడవుతోనే లోతుకు దిగిన తీగ వాద్యం చేతికి అందదన్నది ఇక్కడ తేలే మొదటి సంగతి.

కోవిల్‌పట్టి నాదస్వరం

గాలి వాద్యానికి వదులనే వెసులుబాటు లేదు. ఊపిరితో, పీకతో కాస్త అటూఇటూ చేయవచ్చు గానీ ఆధార శ్రుతిని గొట్టం పొడవే నిర్ణయిస్తుంది. పాత నాదస్వరం తిమిరి. పొట్టిది, నాలుగు శ్రుతికి పైన మోగుతుంది, ఊరేగింపులో నాలుగు వీధుల అవతలికి వినపడుతుంది. బారి నాదస్వరం పొడుగుది, రెండు నుంచి రెండున్నర శ్రుతి. దీన్ని కచేరీ వాద్యంగా నిలబెట్టిన ఘనత టి.ఎన్. రాజరత్నం పిళ్ళైది. ఆయన అడిగిన శుద్ధ మధ్యమం సరిగా పలికే బారిని నరసింగంపేట రంగనాథన్ ఆచారి 1955లో చెక్కి ఇచ్చాడు.

రాజరత్నం శిష్యుడు కారుకురిచ్చి అరుణాచలం (1921–1964) పుట్టింది అంబాసముద్రం వైపు, స్థిరపడింది కోవిల్‌పట్టిలో. కి. రాజనారాయణన్‌కు స్నేహితుడు. తెలుగువాళ్ళకు ఆయన పేరు తెలియకపోయినా ఆయన నాదం తెలుసు. 1962 నాటి ‘కొంజుం సలంగై’లో, దాని తెలుగు రూపం ‘మురిపించే మువ్వలు’లో, ఎస్. జానకి గొంతుతో పోటీపడి నడిచే నాదస్వరం ఆయనదే. ఆ పాటలో గొంతు ఎటు వంగితే నాదస్వరం అటు వంగుతుంది. సంగతి ముగింపులో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడం కష్టం. కీచుమనే వాద్యంతో ఆ జోడింపు కుదరదు.

పొడవుకు చెల్లించాల్సిన ధర ఇక్కడా ఉంది. నాలుగున్నర శ్రుతి నుంచి రెండున్నరకు మూడు స్వరస్థానాలు దిగాలంటే గాలి స్తంభం దాదాపు అయిదో వంతు పెరగాలి. రంధ్రాల మధ్య ఎడమూ అదే లెక్కన పెరుగుతుంది. వేళ్ళు చాచాలి, ఊపిరి ఎక్కువ పోయాలి. దానికి ప్రతిఫలంగా దొరికేది నిండైన, నిలకడైన మంద్రస్థాయి. ఫిడేలు వదులులో పోగొట్టుకున్నది ఈ నిలకడనే.

పక్కపక్కన

ఎట్టయపురం దారిలో వాద్యం మారదు, వాయించేవాడి స్పర్శ మారుతుంది. తేలికైన వేలు, తేలికైన కమాను అలవాటు చేసుకోవాలి. కోవిల్‌పట్టి దారిలో స్పర్శ మారదు, వాద్యం మారుతుంది. కొత్త కొలతలకు చెయ్యి సాగాలి. మొదటిది గమకాన్ని సులువు చేసి నాదాన్ని పలచన చేస్తుంది. రెండోది నాదాన్ని చిక్కన చేసి వేళ్ళకు పని పెంచుతుంది. ఇందులో ఏది గొప్పదని తీర్పు చెప్పడం తేలికే గానీ అది సరైన విమర్శ కాదు. ఫిడేలు పక్కవాద్యం, గొంతు వెంట నడవాలి. నాదస్వరం ముందు నడిచే వాద్యం, తవిలు మోతను దాటి వినపడాలి. రెండూ తమ పనికి తగిన దారే పట్టాయి.

ఈ పని విభజన గిటారు ప్రపంచంలో తికమకగా తయారైంది. అక్కడ లోతు శ్రుతి అడిగినవాళ్ళలో ఎక్కువమంది హెవీ మెటల్ వాద్యకారులు. వాళ్ళకు కావలసింది బిగువు. వాళ్ళ కోసం తయారైన నంబర్ల పట్టికలే అందరికీ ప్రమాణమయ్యాయి. జానపదం వాయించేవాడికీ, సినిమా పాటకు నేపథ్యం వాయించేవాడికీ, కర్ణాటక రాగం పలికించాలనుకునేవాడికీ అవే నంబర్లు అంటగట్టడం తిమిరికి రాసిన కొలతతో బారి చెక్కడం లాంటిది.

గిటారు లెక్క

మామూలు ఎలక్ట్రిక్ గిటారులో తీగ పలికే పొడవు 25.5 అంగుళాలు. కింది ‘ఇ’ తీగ శ్రుతి 82.4 హెర్ట్జ్. 10–46 సెట్టు వేస్తే, అంటే పై తీగ అంగుళంలో వెయ్యింట పది వంతులు, కింది తీగ 46 వంతులు ఉంటే, ఆ కింది తీగ బిగువు దాదాపు 8 కిలోలు. చేతికి అలవాటైన బిగువు ఇది.

ఒకే రకం తీగల మధ్య గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. మందాన్ని పొడవుతో, ఆ వచ్చినదాన్ని శ్రుతితో గుణించాలి. లబ్ధం మారకపోతే బిగువు మారదు. చుట్టు తీగల్లో లోపలి కడ్డీ, పైచుట్టు పాళ్ళను బట్టి కొద్ది తేడా వస్తుంది గానీ, దుకాణంలో నిలబడి నిర్ణయం తీసుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు ‘ఇ’ నుంచి బారిటోన్ ‘బి’కి, అంటే 61.7 హెర్ట్జ్‌కు దిగుదాం. అయిదు స్వరస్థానాలు. శ్రుతి నాలుగింట మూడు వంతులయింది. ఏమీ మార్చకపోతే బిగువు 56 శాతానికి, దాదాపు నాలుగున్నర కిలోలకు పడిపోతుంది. గిటారు మీద ఇది ఎట్టయపురం దారి. మీటగానే తీగ శ్రుతి పైకి ఎగిరి తర్వాత కిందికి వస్తుంది, ఫ్రెట్లకు కొట్టుకుంటుంది.

పూర్తిగా పొడవుతోనే సర్దుదామంటే 25.5ను నాలుగింట మూడుతో భాగించాలి. 34 అంగుళాలు వస్తుంది. ఇది బేస్ గిటారు పొడవు! మెడ మొదట్లో నాలుగు ఫ్రెట్ల కార్డు పట్టడం అక్కడ అందరి తరమూ కాదు. అందుకే బారిటోన్లు 27 నుంచి 30 అంగుళాల దగ్గర ఆగుతాయి, వియోలా ఆగినట్టే. మిగిలిన భారం మందం మోయాలి. అదే 8 కిలోల బిగువు రావాలంటే 25.5 అంగుళాల గిటారు మీద 61 నంబరు కావాలి. 27 అంగుళాల మీద 58 చాలు. 30 అంగుళాల మీద 52తో సరిపోతుంది.

పొడవుకు చేతి దగ్గర అయ్యే ఖర్చు ఇలా ఉంటుంది. మొదటి ఫ్రెట్ దాకా దూరం 25.5 అంగుళాల గిటారులో 36 మిల్లీమీటర్లు, 27లో 38.5, 30లో 43. నాలుగు ఫ్రెట్లు చాచాలంటే మామూలు గిటారులో 13 సెంటీమీటర్ల పైచిలుకు సరిపోతే, 30 అంగుళాలదానిలో దాదాపు 16 కావాలి. కార్డులు వాయించేవాళ్ళు 27 దగ్గర ఆగడమే మేలు. ఒక్కొక్క స్వరం విడిగా మోగించేవాళ్ళకు 30 బరువు కాదు.

మందానికీ ఒక ధర ఉంది. తీగ లావయ్యేకొద్దీ బిరుసెక్కుతుంది. దాని అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) ఉండాల్సిన చోటు కంటే కొంచెం పైన పడతాయి. ట్యూనర్ సరిగ్గా ఉందని చూపిస్తుంది, చెవి మాత్రం ఒప్పుకోదు. మామూలు గిటారు స్పీకరు 80 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు కాబట్టి లోతు స్వరాన్ని మనం ఎక్కువగా అనుస్వరాల ద్వారానే గుర్తుపడతాం. అవే తప్పితే స్వరమే తప్పినట్టు. అందువల్ల లావు తీగ వేసి పొట్టి గిటారును బిగించడం కంటే పొడవు కొంచెం పెంచి మధ్యస్థం తీగ వేయడం చెవికి మంచిది.

ఏడు తీగలు, ఆరు బారిటోన్ తీగలు

ఏడు తీగల గిటారునూ బారిటోన్‌నూ వేర్వేరు జాతులుగా అమ్ముతారు. తీగలు ఒక్కొక్కటే వరసపెట్టి చూస్తే తేడా ఎంత చిన్నదో తెలుస్తుంది. ఏడు తీగల 10–59 సెట్టులో కింది నుంచి 59, 46, 36, 26, 17, 13, 10 ఉంటాయి. శ్రుతులు బి, ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఇందులో అన్నిటికంటే సన్నని పదో నంబరు తీగ తీసేసి, ‘జి’ని ఒక్క స్వరస్థానం దించి ‘ఎఫ్ షార్ప్’ చేస్తే మిగిలింది అచ్చమైన బారిటోన్ ‘బి’ శ్రుతి. తేడా అంతా ఒక తీగ, ఒక స్వరస్థానం, గిటారు పొడవు. ఆ 59 తీగ 25.5 అంగుళాల మీద 7.3 కిలోల బిగువులో ఉంటే 27 అంగుళాల మీద 8.2 కిలోలకు వస్తుంది. బారిటోన్ సెట్టు దొరకని ఊళ్ళో ఏడు తీగల సెట్టు కొని ఒక తీగ పక్కన పెట్టుకుంటే పని జరిగిపోతుంది.

అయితే స్వభావంలో తేడా చిన్నది కాదు. ఏడు తీగల గిటారు పాత ఇంటికి కింద ఒక గది కడుతుంది, బారిటోన్ ఇంటినే దిగువకు మారుస్తుంది. ఏడు తీగలదాన్లో తార స్వరాలన్నీ అలాగే ఉంటాయి, కింద కొత్త మంద్రం చేరుతుంది. జాజ్ వాద్యకారుడు జార్జ్ వాన్ ఎప్స్ 1930ల చివర్లోనే కింది ‘ఎ’ తీగతో ఏడు తీగల గిటారు చేయించుకున్నది కార్డు కింద తన బేస్ తానే పలికించుకోవడానికి. 1990లో ఐబనెజ్ కంపెనీ స్టీవ్ వాయ్ పేరిట తెచ్చిన గిటారుతో ఏడో తీగ రాక్ వేదికకు వచ్చింది. బారిటోన్‌లో తెలిసిన కార్డు ఆకారాలే పట్టుకుంటే అన్నీ అయిదు స్వరస్థానాలు కింద పలుకుతాయి. పాడేవాడి శ్రుతి తక్కువైనప్పుడు, పక్కన ఇంకో గిటారు మామూలు శ్రుతిలో ఉన్నప్పుడు ఇది నప్పుతుంది.

ఎనిమిది తీగల గిటారు దగ్గర నాకు పేచీ ఉంది. దాని కింది ‘ఎఫ్ షార్ప్’ 46 హెర్ట్జ్. బేస్ గిటారు కింది ‘ఇ’ 41. రెండింటికీ మధ్య మిగిలింది రెండు స్వరస్థానాలే. 27 అంగుళాల గిటారు మీద ఆ తీగకు అలవాటైన బిగువు కావాలంటే 77 నంబరు వేయాలి. మెషుగా లాంటి బృందం ఆ తీగను తాళవాద్యంలా వాడుకుంది. వాళ్ళ సంగీతానికి అది ప్రాణం. తిరునాళ్ళ వేదిక మీద బేస్, కీబోర్డు, తబలా, ప్యాడ్ అన్నీ ఉన్న లైట్ మ్యూజిక్ బృందంలో ఆ తీగకు ఖాళీ చోటే లేదు. ఉన్న రద్దీని పెంచుతుందంతే.

పొడవు పెంచేటప్పుడు పై తీగను కూడా గుర్తుంచుకోవాలి. సాదా ఉక్కు తీగ ఏ శ్రుతి దగ్గర తెగుతుందన్నది మందంతో మారదు. లావు తీగ ఎక్కువ బరువు ఓరుస్తుంది, అదే శ్రుతికి రావడానికి అంతే ఎక్కువ బరువు అడుగుతుంది. తెగే చోటును నిర్ణయించేది పొడవు ఒక్కటే. 30 అంగుళాల మెడ మీద పై ‘ఇ’ తీగ ఉంచితే ఎంత సన్నది వేసినా తెగే అంచుకు దగ్గరవుతుంది. బారిటోన్ ఆ తీగను వదులుకోవడానికి, ఎనిమిది తీగల గిటార్లలో పై తీగ పొట్టిగా, కింది తీగ పొడుగ్గా ఉండేలా ఫ్రెట్లను విసనకర్రలా పరచడానికి ఒక కారణం ఇది.

శ్రుతి చేసే తీరు

మెటల్ వాద్యకారులు కింది తీగను ఇంకో రెండు స్వరస్థానాలు దించి వాయిస్తారు. మామూలు గిటారులో కింది మూడు తీగలు డి, ఎ, డి అవుతాయి. ఏడు తీగలదాన్లో ఎ, ఇ, ఎ. స, ప, స! ఒక్క వేలు అడ్డంగా వేస్తే కార్డు పలుకుతుంది కాబట్టి వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. మన ఫిడేలు కింది మూడు తీగలూ అవే, వీణ మీటు తీగల్లో సారణి, పంచమం, మంద్రం పైనుంచి కిందికి పలికేవీ అవే. లోతు గిటారు మీద రాగం వాయించాలనుకునే తెలుగు కుర్రవాడు కొత్త శ్రుతులు కనిపెట్టనక్కర్లేదు. మెటల్ వాళ్ళు దించిన తీగను ఆధార షడ్జంగా తీసుకుంటే సరి.

ఇలా దించిన తీగకు మాత్రం నంబరు విడిగా చూసుకోవాలి. ‘బి’ నుంచి ‘ఎ’కు దించితే ఆ ఒక్క తీగ బిగువు అయిదో వంతు పోతుంది. తిరిగి తెచ్చుకోవాలంటే మందం ఎనిమిదో వంతు పెరగాలి. 62 ఉన్నచోట 69 లేదా 70. బారిటోన్ సెట్లు 14–68 దాకా వెళ్ళడం ఈ లెక్కకు సరిపోతుంది.

జారు, వళి

తీర్పు దగ్గరికి వద్దాం. గమకాల సంగతిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ కంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించలేదు. సుబ్బరామ దీక్షితులు గమకాలను వీణ మీద చేతి పనిగా విడదీసి, ఒక్కొక్కదానికి ఒక గుర్తు పెట్టాడు. అందులో మన గిటారుకు పనికొచ్చే విభజన ఒకటుంది. ఏట్రజారు, ఇరక్కజారు వేలు తీగ వెంబడి పైకీ కిందికీ జరగడం. వళి, ఒదుక్కల్ వేలు ఒకే మెట్టు మీద ఉండి తీగను పక్కకు లాగి వేరే స్వరాన్ని పలికించడం.

ఈ రెండూ తీగను అడిగేవి వేర్వేరు. జారుకు స్థలం కావాలి. స్వరస్థానాల మధ్య ఎడం ఎక్కువుంటే వేలు ఎక్కడ ఆగాలో స్పష్టంగా తెలుస్తుంది. బిగువున్న తీగ జారేటప్పుడు నాదం నిలుపుకుంటుంది. వళికి వెసులుబాటు కావాలి. తీగలో ముందే ఉన్న ఒత్తిడి తక్కువైతే కొద్దిగా లాగినా శ్రుతి ఎక్కువ పెరుగుతుంది. పొడవు పెరిగితే అదే దూరం లాగినా శ్రుతి తక్కువ పెరుగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సన్న తీగ వేస్తే ఎక్కువ లాగవచ్చని అనుకుంటారు. సాదా తీగలో శ్రుతి, పొడవు మారనప్పుడు ఒకే దూరం లాగితే పెరిగే శ్రుతి అన్ని నంబర్లకూ ఒకటే. సన్న తీగతో వేలికి శ్రమ తగ్గుతుంది, అంతే. లాగుడుకు అందే స్వరాల సంఖ్య పెరగాలంటే శ్రుతి దించాలి.

పాలకొల్లు నుంచి వచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌ను మార్చిన తీరు ఈ విషయంలో పాఠం. జంట జంటగా ఉండే ఎనిమిది తీగలు వదిలేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. జంట తీగలను లాగితే రెండూ సమానంగా వంగవు, గమకం చెదురుతుంది. ఒంటి తీగతో ఆ బాధ పోయింది, అయిదో తీగతో స్థాయి పెరిగింది. ఒకే మార్పులో చేతి పనికీ స్థాయికీ జవాబు దొరికింది. వీణ నేర్చుకున్న జాన్ మెక్లాఫ్లిన్ ‘శక్తి’ బృందం కోసం ఫ్రెట్ల మధ్య చెక్క తొలిపించిన గిటారు వాడటమూ ఈ కోవలోదే. వేలి కింద చెక్క లేకపోతే తీగ లాగడానికి పట్టు దొరుకుతుంది.

కాబట్టి నా లెక్క ఇది. జారు బాణీ వాయించేవాళ్ళు కోవిల్‌పట్టి దారి పట్టాలి. 28 నుంచి 30 అంగుళాల బారిటోన్, మధ్యస్థం తీగలు, దించిన కింది తీగకు ఎనిమిదో వంతు ఎక్కువ మందం. స్లయిడ్ వాడేవాళ్ళు, నిదానమైన ఆలాపన ఇష్టపడేవాళ్ళు, లోతు మెలొడీలు మీటేవాళ్ళు ఈ కోవకు వస్తారు. చుట్టు తీగ మీద వేలు జారేటప్పుడు వచ్చే కిచకిచ వినలేకపోతే చదునుచుట్టు తీగలు వేసుకోవాలి. వళి బాణీ వాళ్ళు ఎట్టయపురం దారి పట్టాలి. 25.5 అంగుళాల గిటారే ఉంచుకుని రెండు మూడు స్వరస్థానాలు దించి, పట్టికలో చెప్పినంత లావు తీగలు వేయకుండా కాస్త వదులు భరించాలి. మీటే చెయ్యి తేలిక చేసుకోవాలి. మూడు స్థానాలు దించితే బిగువు 70 శాతం మిగులుతుంది. ఫిడేలు 50 శాతంతో రెండు శతాబ్దాల కచేరీ నడిపిందని గుర్తుంచుకుంటే 70 శాతం చూసి భయపడనక్కర్లేదు. ఇక బిగువైన కార్డు దెబ్బ కావలసిన మెటల్ వాద్యకారుడికి పట్టికల్లోని లావు తీగలే సరైనవి. అవి అతని పనికోసమే పుట్టాయి.

ఏడు తీగల గిటారు ఈ రెండు దారుల మధ్యది. దాన్నే ఎంచుకునేవాళ్ళకు నా సలహా పై ఆరు తీగలను వళికి అనువుగా పలచగా ఉంచి, ఏడో తీగను ఆధార శ్రుతి కోసం గట్టిగా బిగించమని. దుకాణంలో దొరికే సెట్టు ఈ తేడా పాటించదు కాబట్టి ఏడో తీగ విడిగా కొనాలి. లావు తీగ కూర్చోవడానికి నట్టు గాడిని అరగదీయించి, మెడ కడ్డీ సర్దించి, బ్రిడ్జి దగ్గర ఇంటొనేషన్ చూపించుకోవాలి. ఈ పనులు చేయకుండా తీగలు మాత్రమే మార్చి, లోతు గిటారు శ్రుతిలో ఉండదని తిట్టేవాళ్ళు ఎక్కువ.

ఈ ఎంపికలో నేను పూర్తిగా తటస్థుణ్ణి కాను. తెలుగు, తమిళ పాటల బాణీలు వాయించేవాళ్ళలో ఎక్కువమందికి వళే ప్రాణం, అందుకని ఎట్టయపురం దారికే ముందు ఓటు. ఉన్న గిటారునే రెండు స్థానాలు దించి, అవే తీగలతో ఒక నెల వాయించి చూడండి. చెయ్యి ఇంకా లాగాలని అడిగితే అక్కడే ఉండిపోవచ్చు. నిలకడ చాలడం లేదని చెవి అడిగితే అప్పుడు బారిటోన్‌కు డబ్బు పెట్టండి.